ప్యాడ్ కంట్రోలర్ కొనే ముందు డప్పు వినండి: నల్లగొండ, పాలమూరు డీజేలకూ పాటలు కట్టేవారికీ సమగ్ర మార్గదర్శి

పోయిన మాఘమాసం పెళ్లిళ్లు ముగిశాక మిర్యాలగూడ వైపు నుంచి ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. సంచిలో కొత్త ప్యాడ్ కంట్రోలర్ ఉంది. 64 ప్యాడ్లు, ఒక్కోదాని కింద రంగురంగుల దీపం. రెండు సీజన్లు డీజే బండి మీద పనిచేసి దాచుకున్న డబ్బుతో కొన్నాడు. "అన్నా, మా ఊరి డప్పు దెబ్బలన్నీ రికార్డు చేసి ఇందులో ఎక్కించాను. వాయిస్తే మాత్రం డప్పులా లేదు, గోడ మీద మేకు కొట్టినట్టు ఉంది" అన్నాడు.

నేను వేలితో మెల్లగా తాకాను, తర్వాత గట్టిగా కొట్టాను. రెండుసార్లూ ఒకే మోత వచ్చింది. పరికరంలో లోపమేమీ లేదు. అది లూపులను (పదే పదే తిరిగే పాట ముక్కలను) మొదలుపెట్టడానికి, ఆపడానికి తయారైనది. వేలి బలాన్ని కొలిచే ఏర్పాటే అందులో లేదు. ఆ అబ్బాయికి కావలసిన పని వేరు, కొన్న వస్తువు వేరు. కొనే ముందు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే అతని డబ్బు మిగిలేది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. పెద్ద దుకాణంలో పది రకాలను చేత్తో తాకి చూసే అవకాశం మనకు రోజూ ఉండదు. ఫొటో చూసి ఆర్డరు పెట్టేవారే ఎక్కువ. వారి కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా: ఇది ఏమిటి, ఏది కాదు

మిడి ప్యాడ్ కంట్రోలర్‌కు సొంత గొంతు లేదు. మీరు ప్యాడ్ మీద కొడితే అది కంప్యూటర్‌కు ఒక చిన్న సమాచారం పంపుతుంది: ఏ నంబరు స్వరం, ఎంత బలంగా, ఏ చానల్‌లో అని. శబ్దం పుట్టేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో. అందుకే ప్యాడ్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలించడం కుదరదు. ఈ విషయం తెలియక కొన్నవారు మొదటి రోజే నిరాశపడతారు.

ఈ సమాచారం పంపుకొనే భాషే మిడి. 1983లో అన్ని కంపెనీల వాయిద్యాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దాన్ని ఖరారు చేశారు. అందులో దెబ్బ బలాన్ని 1 నుంచి 127 వరకు అంకెలో చెబుతారు. దీన్నే వెలాసిటీ అంటారు. ఈ ఒక్క పదాన్ని గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసంలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది. ఇక నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున 16 రబ్బరు ప్యాడ్ల అమరికకు పేరు తెచ్చింది 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ 60. రోజర్ లిన్ రూపకల్పన అది. ఇప్పటికీ తాళం వాయించే కంట్రోలర్లలో ఎక్కువ భాగం ఆ అమరికనే అనుసరిస్తున్నాయి. రెండు చేతుల వేళ్లు ఒకచోట ఇమిడేంత చిన్నది, డ్రమ్ముల సెట్టు మొత్తం పట్టేంత పెద్దది కావడం వల్లే అది ఇన్నేళ్లు నిలిచిందని నా నమ్మకం.

మొదటి అడుగు: మీ చేయి చేసే పని రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, పోయిన నెల మీరు చేసిన నాలుగు కార్యక్రమాలు గుర్తుతెచ్చుకోండి. ప్యాడ్ ఉంటే ఏ క్షణంలో ఏం చేసేవారో ఒక్కో వరుసలో రాయండి. ఉదాహరణకు: "బరాత్ కూడలికి రాగానే పాటను పల్లవికి తెచ్చాను", "రెండు పాటల మధ్య సైరను వేశాను", "పాట మీద డప్పు వాయించాలనుకున్నాను", "ఇంట్లో కొత్త బోనాల పాటకు తాళం కట్టాను".

ఈ జాబితా మూడు గంపల్లో పడుతుంది. మొదటిది డీజే పని: పాటలో గుర్తు పెట్టుకున్న చోటికి దూకడం, లూపు పట్టడం, చిన్న శబ్దాలు విసరడం. ఇక్కడ ప్యాడ్ ఒక స్విచ్చు మాత్రమే, దెబ్బ బలంతో పనిలేదు. పైగా బలాన్ని కొలవడం ఇక్కడ అడ్డమే, ఎందుకంటే తొందరలో మెల్లగా తాకితే సైరను చిన్నగా మోగుతుంది. రెండోది వాయించే పని: డప్పు, డోలు, డ్రమ్ములను వేళ్లతో పలికించడం. ఇక్కడ బలం కొలవకపోతే ఆ పరికరం వ్యర్థం. మూడోది లూపులను పేర్చి వేదిక మీదే పాట నడిపించే పని. ఇక్కడ ఎక్కువ ప్యాడ్లు, దీపాలు అవసరం, ఎందుకంటే ఏ లూపు నడుస్తోందో, ఏది ఆగి ఉందో చీకట్లో కంటికి కనిపించాలి.

మీ జాబితా ఏ గంపలో ఎక్కువ పడిందో అదే మీ జవాబు. "అన్నీ చేసేది కావాలి" అనుకుంటే డబ్బు ఎక్కువవుతుంది, ప్రతి పనిలోనూ ఏదో ఒక కొరత మిగులుతుంది.

మొదటి గంప మాత్రమే నిండితే ఒక్క నిమిషం ఆగండి. మీ దగ్గర ఇప్పటికే డీజే కంట్రోలర్ ఉంటే విడిగా ప్యాడ్ కొనవలసిన అవసరం లేకపోవచ్చు. ఉదాహరణకు పయొనీర్ డీడీజే ఎఫ్‌ఎల్‌ఎక్స్ 4లో రెండు వైపులా 8 చొప్పున ప్యాడ్లు ఉంటాయి. గుర్తులు, శాంపిళ్లు (రికార్డు చేసి పెట్టుకున్న చిన్న శబ్దాలు), ఎఫెక్టులకు అవి సరిపోతాయి. వాటిని పూర్తిగా వాడని డీజేలను నేను చాలామందిని చూశాను. అసలు డీజే కంట్రోలరే లేనివారు మరో విషయం గమనించాలి. మామూలు ప్యాడ్ కంట్రోలర్‌లో హెడ్‌ఫోన్ రంధ్రం ఉండదు, సౌండ్ కార్డు ఉండదు. తర్వాతి పాటను చెవిలో విడిగా వినాలంటే రెండు జతల అవుట్‌పుట్లు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని బయటికి పంపే పెట్టె) మరొకటి కొనాలి. డీజే కంట్రోలర్‌లో అది లోపలే ఉంటుంది. కాబట్టి డీజే పనే ముఖ్యమైతే ముందు డీజే కంట్రోలర్, తర్వాతే ప్యాడ్.

రెండో అడుగు: మీ బృందం గదిలో ఒకసారి వెతకండి

మన ప్రాంతపు బ్యాండ్ బృందాల్లో ఆక్టాప్యాడ్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము, కొత్త కాదు. రోలాండ్ ఎస్‌పీడీ 20 వంటివి ఎన్నో గదుల్లో దుమ్ముపట్టి ఉన్నాయి. దాని వెనుక అయిదు సూదుల గుండ్రటి మిడి అవుట్ రంధ్రం ఉంటుంది. ఒక యూఎస్‌బీ మిడి కేబుల్ కొని ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఆ పాత ఆక్టాప్యాడే కర్రలతో వాయించే 8 ప్యాడ్ల కంట్రోలర్ అవుతుంది. మీరు కొట్టే బలం కూడా కంప్యూటర్‌కు చేరుతుంది. దాని తర్వాత వచ్చిన ఎస్‌పీడీ 30లో యూఎస్‌బీ కూడా ఉంది.

డప్పు, డోలు వాయించి చేయి తిరిగినవారికి నేను మొదట చెప్పే సలహా ఇదే. వారి నైపుణ్యం మణికట్టులో ఉంటుంది, వేలి కొసలో కాదు. రబ్బరు ప్యాడ్ మీద వేళ్లతో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం కంటే, కర్రతో కొట్టే ప్యాడ్ వారికి దగ్గరి చుట్టం. ఒకే జాగ్రత్త ఏమిటంటే, మరీ చవక కేబుళ్లలో కొన్ని వేగంగా వాయించినప్పుడు దెబ్బలను మింగేస్తాయి. కొన్న రోజే వేగమైన తీన్మార్ ఒక పది నిమిషాలు వాయించి చూడండి. దెబ్బలు పోతుంటే వెంటనే వెనక్కి ఇచ్చేయండి.

మూడో అడుగు: ప్యాడ్ స్పర్శ

ఇక వేళ్లతో వాయించే ప్యాడ్ కొనాలని నిర్ణయించుకున్నారనుకుందాం. ప్రకటనలో మొదట వెతకవలసిన మాట "వెలాసిటీ సెన్సిటివ్". ఆ మాట లేకపోతే, వాయించే పనికి ఆ పరికరం వద్దు. ఒకే కుటుంబంలోని రెండు మోడళ్ల మధ్య కూడా ఈ తేడా ఉంటుంది. నొవేషన్ లాంచ్‌ప్యాడ్ మినీ మూడో తరంలో వెలాసిటీ లేదు. దాని అన్న లాంటి లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌లో వెలాసిటీ ఉంది, కొట్టాక నొక్కి పట్టుకుంటే ఆ ఒత్తిడిని కూడా గుర్తిస్తుంది. ఫొటోలో రెండూ కవలల్లా కనిపిస్తాయి. అందుకే ఫొటో చూసి కొనవద్దని మొత్తుకుంటున్నాను.

ఎందుకింత పట్టింపు అంటే, డప్పు వాయించేవారిని దగ్గర నుంచి చూడండి. ఒక చేతిలో సిర్ర, మరో చేతిలో చిటికెన పుల్ల ఉంటాయి. సిర్ర దెబ్బ గుండెకు తగులుతుంది, సన్నని పుల్ల దెబ్బ దాని మీద ముగ్గు వేసినట్టు పాకుతుంది. ఆ పెద్ద, చిన్న దెబ్బల తేడాయే నడక. అన్ని దెబ్బలూ ఒకే బలంతో మోగితే లెక్క సరిగానే ఉంటుంది, నడక పోతుంది. ఊళ్లో పెద్దవారు "ఇది మిషను పాట" అని ముఖం తిప్పుకునేది అందుకే.

కాబట్టి శాంపిళ్లను కూడా ఆ తేడాతోనే రికార్డు చేయండి. సిర్ర దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలుగా, పుల్ల దెబ్బను అలాగే మూడు రకాలుగా తీయండి. సాఫ్ట్‌వేర్‌లో 1 నుంచి 45 వరకు మెల్లని దెబ్బ, 46 నుంచి 95 వరకు మధ్యస్థం, 96 నుంచి 127 వరకు గట్టి దెబ్బ వచ్చేలా పొరలు వేయండి. ఈ అంకెలు నా చేతికి సరిపోయినవి, మీ చేతిని బట్టి మార్చుకోండి. రికార్డు చేసే ముందు డప్పును మంట దగ్గర కాచి తోలు బిగిసేలా చూడటం మరువకండి. ఆరు దెబ్బలు తీసేలోపే శ్రుతి దిగిపోతుంటే మధ్యలో మళ్లీ కాచాలి, లేకపోతే ఒక పొర నుంచి మరో పొరకు గొంతు మారిపోతుంది.

రబ్బరు మందం, మెత్తదనం ఎవరి అభిరుచి వారిది. నాకు కొంచెం గట్టిగా, మందంగా ఉండేవి ఇష్టం, రాత్రంతా వాయించినా వేలు జారదు. చిన్న ప్యాడ్లు ప్రయాణానికి మంచివే, కానీ పొలం పనులు చేసి మొరటుదేలిన వేళ్లకు పక్క ప్యాడ్ తగులుతుంది. కొనే ముందు ప్యాడ్ కొలత కనుక్కుని, అట్టముక్క మీద అదే కొలతలో గళ్లు గీసి వేళ్లు పెట్టి చూడండి. ఖర్చులేని పరీక్ష ఇది, చాలామంది మనసు మార్చింది.

నాలుగో అడుగు: 16 గళ్లూ, మన మూడు దెబ్బలూ

ఇది విదేశీ సమీక్షల్లో మీకు దొరకని విషయం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఈ పరికరాలు పుట్టిన సంగీతంలో ఒక బీటును నాలుగు ముక్కలు చేస్తారు, నాలుగు బీట్లకు 16 ముక్కలు. గళ్లలో పేర్చిన దెబ్బలను వరుసగా మోగించే స్టెప్ సీక్వెన్సర్లు చాలావరకు 16 గళ్లతో రావడానికి కారణం అదే. నేను పనిచేసిన తీన్మార్ పాటల్లో చాలావరకు ఒక బీటు మూడు ముక్కలుగా విడిపోతుంది. నాలుగు బీట్లకు 12 ముక్కలు. 16 గళ్లలో 12 ముక్కల నడకను కూర్చోబెట్టాలని చూస్తే దెబ్బలు అటూ ఇటూ జరిగి, గుర్రం కాలు మడతపడినట్టు ఉంటుంది.

కాబట్టి రెండు విషయాలు చూడండి. సీక్వెన్సర్ ఉన్న పరికరమైతే వరుస పొడవును 12కు తగ్గించే వీలుందా? ప్యాడ్ నొక్కి పట్టుకుంటే దెబ్బ తనంతట తానే మళ్లీ మళ్లీ మోగే నోట్ రిపీట్ సౌకర్యం ఉంటే, అందులో బీటును మూడు ముక్కలు చేసే ట్రిప్లెట్ విభజన ఉందా? అకాయ్ ఎంపీడీ 218లో ఆ ట్రిప్లెట్ ఎంపికలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వైపు కూడా సరిచేయాలి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో స్నాప్‌ను (దెబ్బలు అతుక్కునే గీతల అమరికను) మూడో వంతు బీటుకు పెట్టండి. ఏబుల్‌టన్ లైవ్‌లో కంట్రోల్ మీటతో 3 నొక్కితే గీతలు మూడు ముక్కలకు మారతాయి. ఇది చేయకుండా, దెబ్బలను దగ్గరి గీతకు జరిపే క్వాంటైజ్ నొక్కితే మీరు ప్రాణం పెట్టి వాయించిన నడకను సాఫ్ట్‌వేర్ వంకర చేస్తుంది. తప్పు మీ చేతిది అనుకుని వదిలేసినవారు నాకు తెలుసు. వారి చెయ్యి బంగారం, గీతలే తప్పు.

అయిదో అడుగు: నాబులు, ఫేడర్లు, మిగతావి

ఇక్కడ ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది నాబులుంటే చాలు. తిప్పడానికి అంతులేని రకం నాబు దొరికితే మంచిది, పాట మారినప్పుడు విలువ ఒక్కసారిగా ఎగరదు. ప్యాడ్లు 16 ఉన్నా, బ్యాంకు మీట నొక్కితే అదే ప్యాడ్లు మరో 16 శబ్దాలు పలుకుతాయి. ఎంపీడీ 218లో మూడు బ్యాంకులు, అంటే 48 ప్యాడ్లతో సమానం. ఫుల్ లెవెల్ అనే మీట ఉందేమో చూడండి. అది నొక్కితే ప్రతి దెబ్బా 127తో వెళుతుంది. వాయించేటప్పుడు తీసేసి, సైరన్లు, అరుపులు వేసేటప్పుడు పెట్టుకోవచ్చు. మొదటి గంప, రెండో గంప రెండూ ఉన్నవారికి ఈ ఒక్క మీట చాలా ఉపకారం చేస్తుంది.

ఆరో అడుగు: ఏది ఎవరికి

ధరలు నెలనెలా మారతాయి కాబట్టి అంకెలు చెప్పను, తగిన మనిషిని చెబుతాను.

డబ్బు చాలా తక్కువగా ఉండి, మొదటిసారి చెయ్యి పెట్టేవారికి అకాయ్ ఎల్‌పీడీ 8. ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది నాబులు, వెలాసిటీ ఉంది, సంచిలో పుస్తకంలా పడుతుంది. రెండు చేతులతో వాయించడానికి ఇరుకు. తాళమే ప్రధానమైతే అకాయ్ ఎంపీడీ 218: 16 పెద్ద ప్యాడ్లు, ఆరు నాబులు. తెర ఉండదు, దాని అవసరమూ రాదు. పాటకు స్వరాలు కూడా కట్టేవారైతే అకాయ్ ఎంపీకే మినీ, అందులో 25 చిన్న మెట్లు, 8 ప్యాడ్లు ఉంటాయి. జానపద పాటకు వరస కట్టుకుని దాని కింద తాళం వేసేవారికి ఇంతకంటే పొందికైనది నాకు తెలియదు. ఆర్టూరియా బీట్‌స్టెప్‌లో 16 ప్యాడ్లు, 16 నాబులు, సీక్వెన్సర్ ఉన్నాయి, ఇంట్లో కూర్చుని ఓపికగా తాళం అల్లేవారిది అది. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ మషీన్ మైక్రో 16 ప్యాడ్లతో వస్తుంది, కానీ దాని బలం దాని సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి. లూపులు పేర్చే మూడో గంప వారికి లాంచ్‌ప్యాడ్లు. అలాంటప్పుడు వెలాసిటీ లేని మినీ కూడా తప్పు ఎంపిక కాదు.

ఒకటి గుర్తుంచుకోండి: కంట్రోలర్‌కే డబ్బంతా పెట్టకండి. మంచి హెడ్‌ఫోను, అదనపు కేబుల్, గట్టి సంచికి డబ్బు పక్కన పెట్టాకే మిగిలినదాంతో కంట్రోలర్ ఎంచుకోండి.

ఏడో అడుగు: ల్యాప్‌టాప్, ఫోను, ఆలస్యం

ప్యాడ్ కొట్టాక శబ్దం రావడానికి పట్టే సమయాన్ని లేటెన్సీ అంటారు. చాలామంది ప్యాడ్‌ను తిడతారు, దోషం చాలాసార్లు కంప్యూటర్ అమరికలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లోని బఫర్ అంకె చూడండి, కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత శబ్దం సిద్ధం చేసుకుని పంపుతుందో చెప్పేది అదే. 44,100 హెర్ట్జ్ దగ్గర 256 బఫర్ అంటే సుమారు 6 మిల్లీసెకన్లు, 512 అంటే సుమారు 12, 1024 అంటే సుమారు 23. వాయించే పనికి 256 గానీ 128 గానీ పెట్టండి. శబ్దం చిటపటలాడితే ఒక మెట్టు పెంచండి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏసియో డ్రైవర్, అంటే ఈ ఆలస్యాన్ని తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్, తప్పనిసరి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దానితో వచ్చినది వాడండి, లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో 4 ఆల్ వాడండి. బ్లూటూత్ స్పీకర్‌తో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వాయించే ప్రయత్నమే చేయవద్దు. ఆ ఆలస్యంలో ఎంతటివారికైనా తాళం తప్పుతుంది.

ల్యాప్‌టాప్ లేనివారు బాధపడనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఫోన్లలో మిడి సౌకర్యం ఉంది. ఓటీజీ కేబుల్‌తో చిన్న ప్యాడ్‌ను తగిలించి ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్‌లోనో, కోఆలా శాంప్లర్‌లోనో పనిచేయవచ్చు. ఫోనులోనే డప్పు దెబ్బ రికార్డు చేసి, అక్కడికక్కడే ప్యాడ్ మీద పెట్టి వాయించవచ్చు. నేర్చుకోవడానికి అది చాలా మంచి దారి. బండి మీద కార్యక్రమానికి మాత్రం ఫోనును నమ్ముకోవద్దు, మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే అంతే సంగతులు.

డీజే సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, మిక్స్ (Mixxx) అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, ఎవరైనా మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఏ ప్యాడ్ ఏ పని చేయాలో దానికి నేర్పించవచ్చు: పని ఎంచుకుని ప్యాడ్ నొక్కితే అది గుర్తుపెట్టుకుంటుంది. వర్చువల్ డీజే కూడా ఎన్నో కంట్రోలర్లను గుర్తిస్తుంది, కానీ ఉచితంగా ఇచ్చేది ఇంటి వాడకానికే. డబ్బు తీసుకుని కార్యక్రమం చేస్తే లైసెన్సు కొనాలి. దొంగ కాపీలతో నడిపి బరాత్ మధ్యలో తెర నల్లబడితే పెళ్లివారికి మీరేమీ సమాధానం చెప్పలేరు.

ఎనిమిదో అడుగు: పెట్టె విప్పిన రోజు పరీక్ష

కొత్తదైతే పెట్టె విప్పడాన్ని ఫోనులో వీడియో తీయండి. తిప్పి పంపవలసి వస్తే అదే సాక్ష్యం. పాతది కొంటున్నట్లయితే ల్యాప్‌టాప్ తీసుకుని మనిషి దగ్గరికే వెళ్లండి, డబ్బు ముందు పంపవద్దు.

విండోస్‌లో మిడి ఆక్స్ (MIDI-OX) అనే చిన్న సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్యాడ్ పంపే ప్రతి అంకె తెర మీద కనిపిస్తుంది. ఒక్కో ప్యాడ్‌ను మధ్యలో, నాలుగు మూలల్లో కొట్టండి. మూలల్లో మరీ తక్కువ అంకె వస్తే ఆ ప్యాడ్ వాడి వాడి అలసిపోయింది. ఒక్క దెబ్బకు రెండు వరుసలు పడితే రెండుసార్లు మోగుతుందన్నమాట. ఒక ప్యాడ్ కొడితే పక్కదాని అంకె కూడా కనిపిస్తే అది మరో రోగం. ఈ రెండింటికీ సెట్టింగుల్లో స్పందన స్థాయి తగ్గించి చూడండి, అప్పటికీ పోకపోతే తీసుకోవద్దు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఒక నిమిషం తెరను చూస్తూ ఉండండి. ఏ నాబూ తాకకుండానే అంకెలు కదులుతుంటే ఆ నాబు పాడైంది. చివరగా కేబుల్‌ను రంధ్రం దగ్గర మెల్లగా అటూ ఇటూ కదపండి, దీపాలు ఆరి వెలిగితే ఆ యూఎస్‌బీ రంధ్రం వదులైంది. డీజే బండి కుదుపులకు అది ఒక్క రాత్రి కూడా నిలవదు.

తొమ్మిదో అడుగు: ప్యాడ్ల మీద దెబ్బలు సర్దడం

చాలా సాఫ్ట్‌వేర్‌లలో డ్రమ్ముల వరుస 36వ నంబరు స్వరంతో మొదలవుతుంది, అంటే కిక్కుతో. 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. కింది ఎడమ మూల ప్యాడ్‌కు 36 ఇస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. నేను మాత్రం డప్పు కోసం మరో అమరిక వాడతాను. కింది వరుసలో ఎడమ చేతి వైపు రెండూ పుల్ల దెబ్బలు, కుడి చేతి వైపు రెండూ సిర్ర దెబ్బలు. డప్పు వాయించేవారి చేతుల్లో ఏది ఏ వైపు ఉంటుందో అదే వైపు పెట్టుకుంటే చెయ్యి ఆలోచించకుండా కదులుతుంది. రెండో వరుసలో డోలు, మూడో వరుసలో గజ్జెలు, తాళాలు, పై వరుసలో కేకలు, ఈలలు.

మీకు ఓపిక ఉంటే ఇంకో పని చేయమని కోరతాను. నల్లమల అంచు ఊళ్ల కిన్నెర మన నేల వాయిద్యం. దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చాకే ఎంతోమందికి దాని పేరు తెలిసింది. నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి వాయిద్యాల స్వరాలను ఒక్కొక్కటిగా రికార్డు చేస్తే 12 మెట్లు 12 ప్యాడ్లలో కూర్చుంటాయి, నాలుగు ప్యాడ్లు గొంతుకు మిగులుతాయి. కానీ రికార్డు చేసే ముందు ఆ కళాకారుడిని అడగండి. ఏ పాటలో, ఎక్కడ వాడతారో చెప్పండి. డబ్బు ఇవ్వండి, పాటలో పేరు వేయండి. చీటీ మీద రెండు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకం పెడితే ఇంకా మంచిది. తరతరాలుగా వాయించిన చెయ్యి అది. దాన్ని ఉచితంగా దొరికిన శబ్దంలా వాడుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

పదో అడుగు: బండి మీద

ఇంట్లో బాగా నడిచిన ఏర్పాటు బండి ఎక్కగానే మారిపోతుంది. బాక్సులు వీధి వైపు తిరిగి ఉంటాయి, మీరు వాటి వెనుక ఉంటారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. పది మీటర్ల దూరంలోని గోడకు తగిలి తిరిగి మీ చెవికి చేరేసరికి దాదాపు 60 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆ ప్రతిధ్వని విని వాయిస్తే తప్పకుండా వెనకబడతారు. హెడ్‌ఫోనులో విని వాయించండి.

ప్యాడ్ కింద మందపాటి స్పాంజి పెట్టండి. బాస్ అదురుకు ప్యాడ్లు తమంతట తామే మోగడం నేను చూశాను. కంట్రోలర్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించండి, చవక హబ్ మధ్యలో వద్దు. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఎంపికను ఆపేయండి. జనరేటర్ మీద నడిచేటప్పుడు గుయ్‌మనే రొద వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. రొద ఆగితే దోషం ఎర్తింగ్‌ది. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు వెళ్లే శబ్దపు వైరు మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది.

బోనాల్లో పసుపు, బరాత్‌లో రంగుకాగితాల ముక్కలు, నిమజ్జనంలో గులాల్ ప్యాడ్ల సందుల్లో చేరతాయి. పలుచని పారదర్శక ప్లాస్టిక్ కాగితం కప్పి వాయించడం అలవాటు చేసుకోండి. ఇంటికి వచ్చాక మెత్తని బ్రష్షుతో దులిపి, కొంచెం తడి గుడ్డతో తుడవండి. స్పిరిట్ పోయవద్దు. మే నెల ఎండలో కారు అద్దం దగ్గర వదిలేస్తే రబ్బరు జిగటబడుతుంది, నల్లగొండ ఎండకు అది పెద్ద సమయం పట్టదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ఊరేగింపు దారిలో ఆసుపత్రి ఎక్కడుందో ముందే చూసుకోండి. నేను 16వ ప్యాడ్‌ను ఎప్పుడూ ఇందుకే కేటాయిస్తాను: దాన్ని తాకితే బాస్ మొత్తం తెగి, పాట ఎనిమిది బీట్లలో మెల్లగా దిగిపోతుంది.

మిర్యాలగూడ తమ్ముడు ఇప్పుడు 64 ప్యాడ్ల పరికరాన్ని ఎడమ చేతి వైపు లూపులకు పెట్టుకున్నాడు. కుడి వైపు వాళ్ల బాబాయి బ్యాండులోని పాత ఆక్టాప్యాడ్, దాని మీద రెండు కర్రలు. వాయించేది కూడా ఆ బాబాయే.